నొప్పి ఎంత?

హామర్‌ఫెస్ట్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ.
నవంబరు చివర.
సూర్యుడు సెలవు పెట్టి అయిదు రోజులైంది.

ఏడో మంచం మీద యోవ్నా తాత.
మంచు స్కూటర్ తిరగబడి తుంటి విరిగింది.
"సున్నా నుంచి పది దాకా, నొప్పి ఎంత?"
నార్వీజియన్‌లో అడిగాను.
చార్టులో ఉన్నది ఉన్నట్టు.
"మూడు" అన్నాడు
పంతులికి పాఠం ఒప్పజెప్పినట్టు,
దుప్పటి కింద పిడికిళ్లు దాచుకుని.

ఆ మూడు నాకు తెలుసు.
పళ్ల డాక్టరు దగ్గర మా అమ్మ చెప్పే మూడు అది.
హాస్టలు బడిలో ఇంటి మాట మాట్లాడినందుకు
రాత్రి కూడు పోగొట్టుకున్న పిల్లలు
ముసలితనం దాకా మోసుకొచ్చిన మూడు.

నా పేరు రిస్టెన్.
యూనిఫాం జేబు మీద మాత్రం క్రిస్టిన్.
ఎవరూ మార్చమనలేదు. నేనే.
తెల్ల చొక్కా తొడిగితే గొంతు ఒక మెట్టు పైకెక్కుతుంది,
నవ్వు పొట్టిదవుతుంది,
"అబ్బే, పర్లేదు"లు ఎక్కువవుతాయి.
ఈస్టరుకి కౌటోకెయినోలో మేనమామ ఇంట
ఎర్ర అంచుల నీలి గాక్తి వేసుకుంటే
కాళ్లు బారజాపుకుంటాను, అడ్డంగా వాదిస్తాను.
యూనియన్ మీటింగులో లేచి నిలబడేది ఇంకొకామె.
ఈ ఇద్దరి మొహం ఎప్పుడూ చూడనట్టే ఉంటుంది.

గాలిమరల మీద ఊరు ఓటేసిన సాయంత్రం
మా ఆయన కంపెనీ జాకెట్టులో ముందు వరసలో,
మామయ్య రెయిన్‌డీర్ తోలు టోపీతో వెనక వరసలో.
నేను కాఫీ బల్ల దగ్గర నిలబడ్డాను.
ముగ్గురం నిలబడ్డాం.
ఒక్కళ్లమూ చెయ్యెత్తలేదు.

కర్టెన్ లాగాను.
అవతల టూరిల్ సెలైన్ మారుస్తోంది.
నా గొంతు కిందకి దిగడం నాకే వినపడింది.
అదే ప్రశ్న, మా అమ్మ మాటలో.
తాత ముందు నా జేబు మీద పేరు చదివాడు,
తర్వాత మొహం చదివాడు.
"ఎవరి పిల్లవే నువ్వు?"
చెప్పాను: తాత పేరు, ముత్తాత పేరు,
మా మంద చెవికి కోసే గుర్తు.
పిడికిళ్లు దుప్పటి మీదకొచ్చాయి.
"తొమ్మిది, తల్లీ. పొద్దుటి నుంచీ తొమ్మిదే."

డాక్టరుకి ఫోన్ చేసి, మార్ఫిన్ ఎక్కించి
చార్టులో తొమ్మిది వేశాను.
ఏ భాషలో తొమ్మిదో రాయడానికి గడి లేదు.

"ఇందాక మూడన్నాడుగా?" అంది టూరిల్.
"ఇందాక అడిగింది మనం" అన్నాను.

ఆ మనంలో నేనున్నానో లేదో
ఆమె పట్టించుకోలేదు.
నేను తెల్లారేదాకా ఆలోచించాను.
తెల్లారడమంటే,
గడియారంలో.