మందు ముందా, గింజ ముందా

రిటైరైన నెల పైసల్లోంచి రెండు కొన్న.
పావుకిలో గడ్డి గింజ, పొట్లం.
కలుపు పుట్టకముందే కొట్టే మందు, సీసా.
కొండమల్లేపల్లి రోడ్డు దుకాణమాయన
రెండూ ఒక్క సంచిలనే పెట్టి ఇచ్చిండు.
వాటికి ఒకదానికొకటి పడదని
ఆయన చెప్పలే, నేను అడగలే.

ఇంటి ముందర జాగ
పన్నెండడుగులకు ఎనిమిది.
బస్సుల సగం కూడ కాదు.
ఇరవై ఆరేండ్లు టికెట్లు చింపుకుంట నిలబడ్డ కాళ్లు నావి,
పొద్దుగాల చెప్పుల్లేకుండ
పచ్చటిదాని మీద పెడ్దామని,
అంతే.

రోహిణిల నేల కొలిమి.
వానకు ముందే కొట్టాలె అని సీసా మీద ఉంది,
పత్తికాయ బొమ్మ కింద, చీమ తలకాయంత అచ్చరాల్ల.
అద్దాలు పెట్టుకుని అంతవరకే సదివిన.
బకెట్ల పోస్తే నీళ్లు పసుపైనయి,
పండుగనాటి గడప లెక్క మెరిసింది మట్టి.
ఖిలా మీదికి మబ్బొచ్చి
మృగశిర చినుకు పడ్డ తెల్లారి
అక్షింతలేసినట్టు గింజలు చల్లిన.

ఆగిన.
ఆరుద్ర పొయ్యింది.
పక్క పునాదిల తుంగ లేసింది,
మోరీ గట్టున వయ్యారిభామ నడుమెత్తు నిలబడ్డది.
నా జాగ మాత్రం
ఆఖరి బస్సు పొయ్యినంక ప్లాట్‌ఫారం.
కలుపూ లేదు, గడ్డీ లేదు.
కొన్ని గింజలు చీమలు మోసుకపోయినయి,
వాటికన్న అక్కరకొచ్చినయి.

కలుపు తియ్యమని ముందే చెప్పి పెట్టిన ఈదమ్మ
అన్నరోజుకే వచ్చింది, కొడవలి పట్టుకుని.
"తియ్యనీకి ఏముందమ్మ ఈడ? కూలి ఊకెనే ఇస్తవా?"
సీసా మూత తీసి వాసన చూసింది.
"ఇది పత్తికి కొడ్తరు.
పత్తి గింజ రెండిచ్చుల లోపట పండుకుంటది,
మందు పైపైన్నే కావలుంటది,
ఆడ మొలిసేదేదైనా మెడ పిసుకుతది.
నీ గింజ పైన్నే పడె.
మనోడు, పగోడు అని దానికి తెలుస్తదా?"

కిక్కిరిసిన బస్సుకు రైటు కొట్టి
స్టేజీల చేతులెత్తినోళ్లనందర్ని ఒక్కతీర్గ వదిలేసిన పొద్దులు
యాదికొచ్చినయి.
అండ్ల దవఖానకు పొయ్యేటామె ఉన్నదో,
జేబుదొంగ ఉన్నడో,
రైట్ రైట్ అన్న నోటికి ఏమెరుక.

"మరెట్ల ఈదమ్మ?"
"గింజ కావాల్నంటే కలుపును గూడ రానియ్యాలె,
చేత్తోని ఏరుకోవాలె.
కలుపే వద్దంటే ఈ కాలం గింజ ఊసెత్తొద్దు.
రెండు నెల్లు మందు ఊపిరి సల్లారనీ.
పుబ్బల సూద్దాం, కాదంటే ఉత్తరల.
ఇంతకు ఏం గడ్డి అది?"

పొట్లం మీది ఇంగ్లీషు పేరు నా నోట్ల తిరగలే.
బొమ్మ చూపిచ్చిన.
కండ్ల దగ్గరికి, దూరం, మల్ల దగ్గరికి పెట్టుకుంది.
"గరిక కదనే ఇది!
నలభై వానకాలాలు నడుమిరగ తీసి
గట్టు మీదేస్తే
ఏసినకాడ్నే మల్ల ఏర్లేసిన గరిక.
పైసలిచ్చి కొన్నవా?"
నవ్వి నవ్వి ఆడ్నే కూసుండిపోయింది,
మందు తాగిన మట్టి మీద.

పోతపోత నల్లా ఎనక్కి తొంగి చూసింది.
బట్టలుతికే బండ పక్క
నా పిచికారి అందని మూరెడు జాగల
ఏదో పచ్చగ.
తుంగ. గంగవాయిలి.
నడుమ సూదుల్లెక్క సన్నగ, నా గింజలు.

ఈదమ్మ వొంగింది.
తుంగ గడ్డతోని సహా పీకింది.
గంగవాయిలి గిల్లి కొంగుల ఏసుకుంది, పప్పులకని.
సూదుల కాడికి చెయ్యి దానంతటదే పొయ్యింది,
వేళ్లు మొదట్ల బిగిసినయి,
ఆగినయి.

"అలవాటు" అన్నది, నా దిక్కు చూడకుండ.
చెయ్యి ఇంకా అక్కణ్నే ఉంది.