మింగాక ఒక మాట

ఆ మందు ఆకుపచ్చగా ఉంటుంది.
అరవై మిల్లీలీటర్లు, చిన్న ప్లాస్టిక్ కప్పులో.
మింగాక ఒక మాట మాట్లాడించాలి, అది రూలు.
బుగ్గన దాచి బయట అమ్ముకుంటారేమోనని.

స్కాట్లండ్ కొసన, ఈ చేపల రేవులో
మందుల షాపు పక్కతలుపు దగ్గర నిలబడి
పదకొండేళ్ళుగా నేను వింటున్నవి
ఆ మాటలే.

ఇన్నెస్ రోజూ గాలి సంగతి చెబుతాడు.
"ఈశాన్యం. మధ్యాహ్నానికి ముదురుతుంది."
పడవ తుక్కు కింద పోయి తొమ్మిదేళ్ళు,
వాడి లెక్క ఇంతవరకూ తప్పలేదు.

ముందుతలుపు వైపు, దగ్గుమందుకి వచ్చినవాళ్ళు
వినబడేంత గుసగుసగా అంటారు:
చేజేతులా చేసుకున్నాడు.
నేనూ అన్నాను, మొదటి ఏడాది, చిల్లర లెక్కపెడుతూ.

ఒక మార్చి ఉదయం. వాన. వెనక ఎవరూ లేరు.
కప్పు కింద పెట్టి, గాలి మాట ఎత్తకుండా
తమ్ముడి మాట ఎత్తాడు.
వల దింపుతుంటే తాడు కాలికి చుట్టుకుందట.
వీడి చేతిలో వాడి రబ్బరు తొడుగు మిగిలింది,
నారింజ రంగుది,
లోపల ఇంకా వెచ్చగా.
ఒడ్డుకి రెండు రోజుల దారి.
వెతికి వెతికి, తిరుగు దారిలో
చేపల పొట్టలు కోస్తూనే ఉన్నారట.
చేప ఆగదు కదా.
ఒడ్డున ఎవరో ఇచ్చారు, నిద్రకని.
"పట్టింది," అన్నాడు.
ఆ రోజుకి అదే వాడి మాట.

మిసెస్ క్రూక్‌శాంక్ కూడా నిద్రకే వస్తుంది.
తెల్ల బిళ్ళలు, ఇరవై రెండేళ్ళుగా.
ఆవిడ ముందునుంచి వస్తుంది,
ఆవిడకి కుర్చీ వేస్తాం.
మందు అన్న మాట ఒకటే.
నా అలమారాలో ఒక అర్థం, వాడి జేబులో ఇంకొకటి.

నిన్న పక్కతలుపుకి తాళం వేశాను.
చెడిపోయిందని అబద్ధమాడాను.
ముందుతలుపు గంట మోగింది. ఇన్నెస్,
టోపీ చేతిలో పట్టుకుని, చర్చికి వచ్చినవాడిలా.
వరసలో ఎవరో సంచీ గుండెకి హత్తుకున్నారు.
ఎవరో జరిగారు, అవసరానికి మించి.
తాగాడు. కప్పు పెట్టాడు.
అందరూ నేలకేసి చూస్తున్నారు.
"ఈశాన్యం," అన్నాడు, చాలా మెల్లగా.

కుర్చీలోంచి మిసెస్ క్రూక్‌శాంక్ తల తిప్పింది.
"మరి దుప్పట్లు ఆరేసుకోవచ్చా?"

రూలు ప్రకారం ఒక్క మాట చాలు.
వాడు కిటికీలోంచి మబ్బు చూసి,
ఆవిడ వైపు చూసి,
"పన్నెండు దాకా పరవాలేదు," అన్నాడు,
"క్లిప్పులు మాత్రం రెండేసి పెట్టండి."