దీపం కొండెక్కాలి

మాధవరం లారీ షెడ్ల వెనక
మూడు రోజులుగా కార్తీక మాసపు వాన.
రేకుల కింద నా బల్ల, నా మీటరు,
మా నాన్న వాడిన వైండింగ్ మిషను.

నాయుడుపేట తవుడు బస్తాలతో ఒక బండి వచ్చింది,
వచ్చిందంటే, నలుగురు తోస్తే వచ్చింది.
ఇరవై ఏడేళ్ల టాటా,
బంపరుకు కట్టిన నిమ్మకాయ ఎండి బొగ్గయింది.

"బ్యాటరీలు మార్చమ్మా" అన్నాడు చెంగల్రాయుడు.
"పోయిన ఏడు రెండు, మొన్న వైశాఖంలో రెండు.
పెట్టిందల్లా తిని పడుకుంటోంది."

పడుకున్నదాన్ని తిట్టే ముందు
వంటింట్లోకి తొంగి చూడాలి గదా.
నా బ్యాటరీలు తగిలించి స్టార్ట్ చేయించాను.
ఆల్టర్నేటర్ దగ్గర ఇరవై ఎనిమిది.
బ్యాటరీ దగ్గరికొచ్చేసరికి ఇరవై నాలుగున్నర.
మూడున్నర వోల్టులు దారిలో ఎవరు మింగారు?
అంగట్లో అన్నీ ఉన్నాయి,
అల్లుడి నోటికే దారి లేదు.

ఎర్ర తీగ వెంట అందరూ వెతుకుతారు.
నల్ల తీగనెవరూ అడగరు.
పోయే దారి మీదున్న శ్రద్ధ
తిరిగొచ్చే దారి మీద ఉండదు.
ఛాసిస్ కింద బురదలో వెల్లకిలా పడుకుని చూశాను:
ఎర్త్ పట్టీ, జడలా అల్లిన రాగి,
ఎన్నూరు గాలికి పచ్చగా చిలుమెక్కి,
బోల్టు కింద రంగు, రంగు కింద తుప్పు,
తుప్పు కింద మళ్లీ ఎవరో పూసిన రంగు.
ఉప్పు చేసిన పనిని ఉప్పుకాగితంతోనే విప్పాను.
ఇనుము తెల్లగా నవ్వేదాకా రుద్దాను.

డబ్బులు తీయబోయాడు. "ఉండు, లైట్లన్నీ వెయ్యి" అన్నాను.
వేశాడు: ముందు రెండు, మంచుకు రెండు, నెత్తిన అయిదు,
వైపరు, ఫ్యాను, పాటల పెట్టె, మూడు ఫోన్లు,
దేవుడి పటం చుట్టూ ఆరుతూ వెలిగే సీరియల్ సెట్టు.
మీటరు అంకెలు మెట్లు దిగాయి.
పుట్టినప్పుడు ఈ బండి జాతకంలో
ఆదాయం ముప్పై అయిదు, వ్యయం ఇరవై.
ఇప్పుడు వ్యయం నలభై ఎనిమిది.
ఏ ఉగాదికీ దానికి ఎవరూ చదివి వినిపించలేదు.

క్లీనరు ఎళుమలైని వెంటేసుకుని పుదుపేట వెళ్లాను.
అరవై అయిదు ఆంపియర్లది, ఏదో బస్సు కడుపులోంచి తీసింది.
కొట్టువాడు ఆరువేలన్నాడు అరవంలో.
నేను నాలుగన్నాను, అంతకంటే మంచి అరవంలో.
బేరింగు చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూశాను.
మా నాన్న డైనమోల కాలం మనిషి,
చుట్లు లెక్కబెడుతూ ఊపిరి కూడా మెల్లగా పీల్చేవాడు.
ఒకసారి నూట పన్నెండో చుట్టు దగ్గర
నాకు ఆకలేస్తోందన్నాను.
లెక్క తప్పింది.
అన్నం పెట్టి, మొత్తం విప్పి,
ఒకటి నుంచి మళ్లీ చుట్టాడు.

బ్రాకెట్ రెండు నూళ్లు తేడా, ఆకురాయితో సరిచేశాను.
పెద్ద ఆల్టర్నేటర్‌కి పాత సన్నతీగ ఆగదు,
వేలంత లావుది లాగి, మధ్యలో ఫ్యూజు కాపలా పెట్టాను.
బొటనవేలితో నొక్కితే బెల్టు అరంగుళం దిగాలి, అంతే.

చివరికి డ్యాష్‌బోర్డు.
ఛార్జింగు దీపం ఉండాల్సిన చోట గుంట.
"బల్బేదిరా?"
ఎళుమలై నేల చూపులు చూశాడు.
"రాత్రిళ్లు సన్నగా వెలుగుతానే ఉండేదక్కా.
కంట్లో పడతా ఉందని అన్నే పీకెయ్యమన్నాడు."
ఎన్నాళ్లు చెప్పిందో పాపం.
అది చాడీలు చెప్పే దీపం మాత్రమే కాదు,
దాని గుండా పోయే చిటికెడు కరెంటే
ఆల్టర్నేటర్‌కి మొదటి ఊపిరి.

పది రూపాయల బల్బు పెట్టాను.
తాళం తిప్పాడు, ఎర్రగా వెలిగింది.
సెల్ఫు కొట్టాడు.
ఇంట్లో దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం,
ఆ మాటైనా గొంతు తగ్గించి.
నేనేమో బురద చేతులతో
కొండెక్కు, కొండెక్కు అని దాన్నే చూస్తున్నాను.

ఎక్కింది.
అన్ని లైట్లూ వేసినా ఇరవై ఏడున్నర.

చెంగల్రాయుడు పాట పెట్టాడు,
రెండొందలు తగ్గించమన్నాడు, తగ్గించాను.
పోయిన ఏడు తూకానికి అమ్మేసిన
ఆ రెండు బ్యాటరీలూ
చచ్చినవి కావని మాత్రం
చెప్పలేదు.