స్టేషన్ మారింది

మద్దిలపాలెంలో టైర్ల షాపు మీద, మూడో అంతస్తు.
నా ముందు రెండు స్క్రీన్లు.
ఎడమ పక్క లాప్‌లాండ్.
కుడి పక్క ఇటలీలో ఒక నది లోయ.
నూట యాభై ఏళ్ల చలి, స్కాన్ చేసి పంపారు.
పేజీకి పదకొండు రూపాయలు.

ఎవరో చర్చి గుమస్తా,
రోజూ పొద్దున్న ఏడింటికి థర్మామీటరు చూసి
సిరాతో రాసిన అంకె: మైనస్ ఇరవై ఆరు.
నేను దాన్ని టైపు చేస్తాను.
మైనస్ మీటకి నా వేలి చెమట అంటుకుంటుంది.
మే నెల. కరెంటు పోయి పావుగంట.
బల్ల కింద యూపీఎస్
గూట్లోంచి పడ్డ పిట్టపిల్లలా కూస్తోంది.

అతను ఏడు అంకె నడుముకి చిన్న గీత కొడతాడు.
ఒకటికీ ఏడుకీ తేడా తెలియడానికి
నాకు వారం పట్టింది.
ఒక ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు ఖాళీ.
పక్కన సన్నగా రెండు మాటలు.
కస్తూరి మేడం ఎవరినో అడిగి చెప్పింది:
"కూతురు పోయింది."
పదో రోజు, మళ్ళీ ఏడింటికి, మైనస్ పద్దెనిమిది.
చెయ్యి వణికినట్టు లేదు.
ఏడు నడుముకి గీత మాత్రం
ఆ నెలంతా లేదు.

అన్నీ ఎక్కించాక మేడం గీతలు గీసింది.
లోయ గీత
కొండ మెట్లెక్కే ముసలాయనలా
ఆగి, ఆయాసం తీర్చుకుని, పైకి.
లాప్‌లాండ్ గీత చాలాకాలం కిందే పడుకుని
చివర్లో ఒక్కసారిగా లేచింది,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.
ఎక్కువ చలి ఉన్నదే
ఎక్కువ పోగొట్టుకుంటోంది, అనుకున్నాను.
పైకి అనలేదు. నా పని టైపు చేయడం.

లోయ గీతలో ఒకచోట మాత్రం
మెట్టు విరిగినట్టు, దాదాపు ఒక డిగ్రీ కిందికి.
"ఇది ఎండా కాదు చలీ కాదు," అంది మేడం.
"స్టేషన్ మారింది.
గంటస్తంభం గోడ మీంచి తీసి
ఊరవతల గడ్డిలో పెట్టారు.
చోటు వల్ల వచ్చిన తేడా తీసేసి అతకాలి.
అప్పుడే మిగిలింది వాతావరణం."

కూర్మన్నపాలెం బస్సులో నిలబడి
ఇంటిదాకా అదే మాట నమిలాను.

మా స్టేషనూ మారింది.
పోర్టు గోడకి అవతల ఇసక,
ఇవతల కాలనీ, మా క్వార్టరు నంబరు నూట పద్నాలుగు.
నాన్న పడవ ఇంజను అమ్మేసి
ఏటీఎం ముందు కుర్చీలో కూర్చుంటాడు.
వాళ్లిచ్చిన గదిలో ఏసీ ఉంది, అది మిషన్‌కి.

అమ్మ దగ్గర థర్మామీటరు లేదు.
నెత్తళ్ళున్నాయి.
"ఇసక మీద మూడు పూటలెండీవి.
ఇప్పుడు డాబా మీద పూటన్నరకే పెళుసైపోతన్నాయి.
ఎండ ముదిరిపోనాది గుంటా."
నేను మేడంలా గొంతు సవరించుకున్నాను.
ఎండ కాదమ్మా, చోటు మారింది.
అక్కడ ఇసక, గాలి. ఇక్కడ సిమెంటు.
ఆ తేడా తీసేసి చూడాలి.

అమ్మ చేపలు తిరగేస్తూనే ఉంది.
"అక్కడున్నప్పుడే రెండు పూటలకి దిగిపోనాది,
నీకు తెల్దు, నువ్వు బడికెళ్లీదానివి.
ఎండా మారింది, చోటూ మారింది.
దేంట్లోంచి దేన్ని తీసెత్తావు?"

నా దగ్గర జవాబు లేదు.
మేడంని అడిగితే ఉండేదేమో.
పాత స్టేషను కొన్నాళ్ళు పక్కనే నడిస్తే
రెండూ పోల్చి చెప్పొచ్చంటుంది.
మా పాత చోట ఇప్పుడు బొగ్గు గుట్ట.

పూర్ణా మార్కెట్లో నూట ఎనభైకి
ఒక థర్మామీటరు కొన్నాను.
డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడలో, మేకుకి.
గీతల నోట్సు. పొద్దున్న ఏడు.
ముప్పై. ముప్పై. ముప్పై ఒకటి.
అమ్మ నా పేజీ చూసి నవ్వుతుంది,
చదవడం రాదు, అయినా
నేను రాసేలోగా తనే అంకె చెప్పేస్తుంది, అరికాలితో.

జూన్‌లో ఒక రాత్రి వాన పడింది.
నెత్తళ్ళన్నీ మెట్ల కిందికి మోశాం.
తెల్లారి ఏడింటికి
తడి డాబా మీద ఇరవై ఏడు.
రాశాను.
కాసేపాగి
దాని నడుముకి చిన్న గీత కొట్టాను.