ఆరంగుళాల గొట్టం

నీరు పల్లమెరుగునంటారు.
మా విదర్‌కూమ్‌లో నీరు
పల్లం తెలిసీ ఎందుకో అక్కడికి వెళ్లేది కాదు.
చర్చి సందు మలుపులో కాసేపు తచ్చాడి
పక్కింటావిడలా మా ఇళ్లల్లోకి వచ్చేది.

మూడు చలికాలాల్లో నాలుగుసార్లు.
నాలుగోసారి లవీనియా పెంగెల్లీ పియానో
తనంతట తానే హాల్లోంచి వంటింటికి నడిచింది.

సభ పెట్టారు. కేకలు.
వాలు మీద మొక్కజొన్న వేసిన గ్లిన్‌ది తప్పన్నారు.
వాకిళ్లకి రాళ్లు పరిచిన కొత్తవాళ్లది తప్పని గ్లిన్ అన్నాడు.
ఎవరో దేవుణ్ణి కూడా కాసేపు నిలదీశారు.
జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు, ఫరీహా అని, చిన్నపిల్ల,
బురద బూట్లతోనే కూర్చుని
"తప్పు తర్వాత. ముందు లోతు చెప్పండి" అంది.

లోతు నాకు తెలుసు.
ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఊరికి ఉత్తరాలు పంచాను.
ఏ గడప ఎన్ని అంగుళాలో
నా మోకాళ్లనడగండి.
అడిగింది.
నలభై రెండు గడపలు, గోడల మీద నలభై రెండు మరకలు.
పాత టపా సంచీలో టేపూ నోటుబుక్కూ వేసుకుని
మళ్లీ అదే దారి తిరిగాను.
ఒకాయన మరక చూపించకుండా
ముందు భార్య ఫొటో చూపించాడు,
నీళ్లకి సగం ముఖం పోయింది.
దాన్నీ కొలిచాను. ఏం చెయ్యాలో తెలియక.

తర్వాత ఆకుపచ్చ రంగు.
కొండ దిగువ తూములో చెంబుడు పోసి
వాగు దగ్గర ఇరవై మందిమి గొడుగులేసుకుని
పెళ్లివారికి ఎదురుచూసినట్టు నిలబడ్డాం.
పావుగంటలో రావాలి.
గంటన్నరకి వచ్చింది, నీరసంగా, దారంలా.

అంటే గొంతు ఎక్కడో నొక్కుకుపోయింది.

గొట్టంలోకి కెమెరా పంపారు.
వ్యాను వెనక తెర దగ్గర అందరం తలలు దూర్చాం.
ఇటుకల కమాను, పద్దెనిమిది అంగుళాలు,
ఎవరి ముత్తాతలు కట్టిందో, ఇంకా చెక్కుచెదరలేదు.
చెట్ల వేళ్లు. ఒక బొమ్మ కారు.
వెలుతురుకి విసుక్కున్న కప్ప.
చర్చి సందు కిందికి రాగానే
ఇటుక ఆగిపోయి
ఆరంగుళాల గొట్టం.
చుట్టూ సిమెంటు. సిమెంటు మీద మేకుతో గీసిన అక్షరాలు:
డి. కె. శుక్రవారం.

డెంజిల్ కెర్స్‌లేక్.
నా మొగుడు. రోడ్ల శాఖలో మేస్త్రీ.
ఆ శుక్రవారం నాకు గుర్తుంది.
రోడ్డు కుంగింది, సాయంత్రానికల్లా తెరవాలన్నారు,
యార్డులో ఉన్నది ఆరంగుళాలదే.
"సోమవారం పెద్దది వేస్తాంలే" అని
టీ తాగుతూ వేళ్ల సందుల్లో సిమెంటు గోక్కున్నాడు.
సోమవారం వాళ్లని ఇంకో ఊరికి పంపారు.
ముప్పై నాలుగేళ్లు ఆ సోమవారం రాలేదు.
మధ్యలో ఆయనా వెళ్లిపోయాడు.

ఎవరూ మాట్లాడలేదు.
ఊళ్లో సగం మందికి ఆ చేతిరాత తెలుసు,
వాళ్ల గేట్ల కింద సిమెంటు మీదా అదే ఉంది.
లవీనియా నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు.
వేస్తే ఏడ్చేదాన్ని. ఆమెకి తెలుసు.
"మా ఆయనదే" అన్నాను. "మార్చండి."

ఏప్రిల్‌లో తవ్వి పెద్దది వేశారు.
గ్లిన్ గొణుక్కుంటూనే వాలుకి అడ్డంగా దున్నడం మొదలెట్టాడు.
రాళ్లు పరిచినవాళ్లలో ఇద్దరు సగం పీకి గడ్డి వేశారు,
మిగతావాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు.
తూము జాలీలో ఆకులు తియ్యడానికి వంతులు రాసుకున్నాం.
మంగళవారాలు నావి.
ఫరీహా వెళ్తూ "పూర్తిగా ఆగదు. తగ్గుతుంది" అంది.
ఆ మాట ఎవరికీ నచ్చలేదు, ఎవరూ మర్చిపోలేదు.

జనవరిలో రెండు రాత్రులు ఏకధారగా కురిసింది.
టార్చిలైటు పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను.
నీరు రెండో మెట్టు ఎక్కి
మూడోదాని అంచు తడిమి
ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

పాత గొట్టం ముక్కొకటి అడిగి తెచ్చుకున్నాను.
పెరట్లో నిలువుగా పాతి, మట్టి నింపి, పుదీనా పెట్టాను.
పుదీనాకి ఆరంగుళాలు సరిపోతాయి.