రేకు గీకుతుంటే

నారాయణపేట, సెంటర్ చౌక్ వెనక గల్లీ.
మూడొందలకు మాట్లాడుకున్న బోర్డు.
"ఆడపిల్లలకు కరాటే నేర్పబడును" అని రాయాలె.
కొత్త రేకెందుకు, పాతదే గీకి రాయమన్నది
మక్తల్ నుంచి బస్సుల వచ్చే రిజ్వానా మేడం.

ఉప్పుకాగితం పెట్టి రుద్దుతుంటే
నీలం పోయి పసుపు తేలింది.
"తాలీంఖానా". మా నాయిన చేతిరాత.
ముందుగాల "కానా" అని రాసి
ఎవరో నవ్వితే దిద్దిన గుర్తు ఇంకా ఉంది.
పసుపు కింద ఎరుపు, ఎరుపుల సగం చెరిగిన కన్నడం:
"గరడి మనె".
దాని కింద ఒట్టి తుప్పు.

అరుగు మీద ఆశప్ప వస్తాదు చూస్తున్నడు.
ఎనబై దాటినా ఎద్దు మెడ.
మట్టిల నలిగి నలిగి
చెవులు ఎండిన పుట్టగొడుగులోలె ముడుచుకున్నయి.
"వస్తాదంటే ఏంది తాతా?"
"మా గురువు నోట్లె ఉస్తాద్‌రా.
మా అవ్వకు పండ్లు లేవు,
ఆమె నోట్లె పడి వస్తాదయింది."

తాలీం అరబ్బుల మాటట, చదువు చెప్పుడట.
ఎన్ని ఇసుకలు తొక్కి వచ్చిందో గాని
మా తాన పలక పక్కకు పెట్టి లంగోటీ బిగించింది.
కుస్తీ అంటే ఇరాన్ల నడుముకు చుట్టే పట్టీ అని
ఫారసీ చదివిన వాళ్ల అబ్బా చెప్పేటోడట,
మేడం అన్నది.
పట్టీ తొవ్వల యాడనో జారిపోయింది.
పట్టు మిగిలింది.

పట్టు అంటే మా పేటల రెండు.
మగ్గం మీద ఒకటి, మట్టిల ఒకటి.
పగలంత చీర అంచు నేసిన వేళ్లే
పొద్దుగూకినంక
మజ్జిగ, పసుపు, నువ్వుల నూనె కలిపిన ఎర్రమట్టిల
ఇంకొకని మెడ వెతికేటివి.
బండకేసి బట్ట కొట్టినట్టు కొడితే దోబీ పట్టు.
సగం హిందీ, సగం తెలుగు.
కిందపడ్డోనికి ఏ సగం తాకిందో వాడే చెప్పాలె.
బస్కీ ఎవరి బిడ్డో ఎవ్వరికీ తెల్వది.
దండ్ అన్నా నేలకు వంగుడే,
దండం అన్నా నేలకు వంగుడే.

మాటలు మా పాలమూరోళ్ల లెక్కనే.
ముల్లె కట్టి రాత్రి బస్సెక్కుతయి,
పోయినకాడ ఇంకో పేరుకు పలుకుతయి.
మా చిన్నాయిన కిష్టప్ప
భీవండి మిషన్లకాడ కిసన్ అయిండు.
తిరిగొచ్చి ఆరేండ్లయినా
కిష్టప్పా అంటే రెండో పిలుపుకు గాని తిరగడు.

"ఇగ నువ్వు రాసే దానికి అర్థమేంది?"
వస్తాదు అడిగింది నన్ను, చెప్పింది మేడం.
"కరా అంటే ఖాళీ, తే అంటే చెయ్యి.
ఒట్టి చెయ్యి, తాతా."

ముసలాయన రెండు చేతులు
తిప్పి తిప్పి చూసుకున్నడు.
"గింతదానికి జపాన్ దాక పోవాల్నా?
మూడేండ్లు వానల్లేనప్పుడు
మేమంత నేర్సుకున్నది గదే గద."

మేడం నవ్వలే.
సంచిల నుంచి దస్తీ తీసి
ఆయన భుజం మీద పడ్డ రంగుపొడి దులిపింది.
"దీంట్ల గూడ చెయ్యే ఉంది. దస్త్ అంటే చెయ్యి."
డెబ్బై ఏండ్లు చెమట తుడుచుకున్న మాటను
ఆయన అప్పుడు చేతిలోకి తీసుకొని, మడత పెట్టి,
వాపసు ఇయ్యనే లేదు.

అయిదింటికి పిల్లలొచ్చిండ్రు. స్కూలు బట్టలే, చెప్పుల్లేవు.
మేడం జపాన్ అంకెలు అరుస్తది:
ఇచి, ని, సాన్.
ఇంట్ల కన్నడం, బడిల తెలుగు చదివే శరణమ్మ
"ఇచ్చి, నీ, సాన" అని గొంతు చించుకుంటది.
గుద్దు మాత్రం సరిగ్గనే పడుతుంది గాలికి.

కాలే సరిగ్గ లేదు.
వస్తాదు కట్టె పొడుచుకుంట లేచి పోయి
కట్టె కొసతోని ఆమె మడిమె మీద తట్టిండు.
"దించు. మన్ను నిన్ను పట్టుకోవాలె."

"దీన్ని కరాటేల ఏమంటరు మేడం?"
మేడం కొద్దిసేపు చూసింది ఆ మడిమెను.
"తెల్వది. ముందు దించు."

నేను "టే" మీద ఏత్వం గీస్తున్న.
రంగు ఇంకా పచ్చిగనే ఉంది.