తలుపులు ఆరేదాకా

డులూత్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
సరస్సు మీద మంచు పలకలు ఒరుసుకునే చప్పుడు
కొండమీద లహ్తి వాళ్ళ ఇంటిదాకా వస్తోంది.
ఇంట్లో ఆరు తలుపులు.
ఆరింటికీ బందులు విప్పి
గారేజీలో బల్లల మీద పడుకోబెట్టాను.
మరలన్నీ ఖాళీ హెర్రింగ్ సీసాలో పోశాను,
కడిగినా చేప వాసన పోలేదు.

గోడకేసే రంగు మెత్తటి మనిషి,
ఎన్ని తప్పులైనా కడుపులో దాచుకుంటుంది.
సెమీ గ్లాస్ అలా కాదు.
కిటికీ వెలుగు ఏటవాలుగా పడిందా,
కుంచె ఎక్కడ తడబడిందో
ఆ పూట నా మనసెక్కడ తిరిగిందో
అన్నీ బయటపెడుతుంది.

అందుకే ముందు ఉప్పుకాగితం.
వంటింటి తలుపు మీద నలభై ఏళ్ళ వేళ్ళ జిడ్డు.
పడకగది తలుపుకి అడుగున
ఇప్పుడు లేని కుక్క గోళ్ళ గీతలు.
వెనకగది తలుపుకి మాత్రం గడియ పక్కన చెక్క చీలింది.
రుద్దేకొద్దీ పాత లప్పాలు తేలాయి,
తెల్లది, దాని కింద గోధుమరంగుది,
దాని కింద పచ్చది.
విసిరికొట్టిన తలుపు చీలేది అక్కడే.
గోడలకు చెవులంటారు గాని
ఈ ఇంట్లో తలుపులకు నోళ్ళుండేవి.
నేనేమీ అడగలేదు.
నాలుగోసారి లప్పం పెట్టి చదును చేశాను.

స్నానాలగదికి ఐలి చారల దుప్పటి వేలాడగట్టింది.
లోపల ఉన్నానని తెలియడానికి
వెర్నర్ ఈల వేస్తూ కూర్చుంటాడు,
ఎప్పుడూ అదే పాట, అదీ సగమే.

రెండో రోజు పొద్దున కాఫీ పోస్తూ
"ఆయనకి రాత్రిళ్ళు దగ్గొస్తుందని నాకు తెలీదు రోవీనా" అంది ఆమె.
మధ్యాహ్నం గారేజీలోకి వచ్చి
"అది నిద్రలో ఎక్కాలు చదువుతోంది" అన్నాడు ఆయన.
"ఫిన్నిష్‌లో. ఏడో ఎక్కం దగ్గర తప్పింది కూడా."
లెక్కల టీచరుగా రిటైరైంది ఆవిడ.
ఆయన ముఖంలో ఏదో దొరికినవాడి సంబరం.

ముందు దిగుడు పలకలు, తర్వాత అడ్డచెక్కలు,
చివర నిలువు చెక్కలు.
తడి ఆరకముందే తడిని కలపాలి.
దాటొచ్చినచోట వంక కనిపించినా
వెనక్కి వెళ్ళకూడదు,
సవరించబోతే గీత మిగులుతుంది.
ఇది నేను కుంచెతో నేర్చుకున్నాను,
నోటితో ఇంకా నేర్చుకోలేదు.

నాలుగో రోజు తలుపులు ఎక్కించాను.
తెల్లటి చెక్కలో కిటికీ మసగ్గా తేలింది.
వెర్నర్ అలవాటుగా వెనకగది పిడి మీద చెయ్యేశాడు.
"ముయ్యకండి!"
నా అరుపుకి నేనే ఉలిక్కిపడ్డాను.

వేలికి అంటనంత మాత్రాన ఆరినట్టు కాదు.
ఆరడం వేరు, గట్టిపడడం వేరు.
ఇప్పుడు మూస్తే తలుపు రంగూ గుమ్మం రంగూ
ఒకదాన్నొకటి కరుచుకుంటాయి,
విడదీస్తే రెండిటి తోలూ ఊడుతుంది.

"ఎన్నాళ్ళు?"
ఇద్దరూ ఒకేసారి అడిగారు,
ఒకేసారి అడిగినందుకు ఇద్దరూ పక్కకి చూశారు.
డబ్బా మీద వారం అని ఉంది.
బూటుతో డబ్బాని గోడవైపు తిప్పాను.
"మూడు వారాలు" అన్నాను. "సరస్సు తేమ కదా."

మే నెలలో మెట్ల చేతిపట్టీకి రంగెయ్యడానికి మళ్ళీ వెళ్ళాను.
వెనకగది తలుపుకి అడ్డంపెట్టిన చిక్కుడుగింజల డబ్బా
అక్కడే ఉంది, మూత మీద దుమ్ముతో.
గడియ పక్కన, నేను పూడ్చినచోట,
సాయంత్రపు వెలుగులో చిన్న ఉబ్బు.
తప్పు నాదే.
డబ్బులొద్దు, రుద్ది మళ్ళీ వేస్తానన్నాను.

ఐలి బొటనవేలితో దాన్ని తడిమింది.
"ఉండనీ" అంది.
అప్పుడే లోపల్నించి దగ్గు.
ఆమె అటు తిరక్కుండానే గొంతెత్తింది,
"తేనె పై అరలో ఉంది, పాత చోట కాదు."